చెప్పులు విడిచే చోటు

నాకొక అలవాటుంది. ఎవరింటికి వెళ్లినా గడప బయట చెప్పులు విడవను. గడప దాటి లోపల ఒక అడుగు వేసి, అప్పుడు విడుస్తాను. చుట్టాలిళ్లలో ఆడవాళ్లు మొహం చిట్లిస్తారు. చిట్లించుకోనీ. మోటార్లకు వైండింగు చేస్తూ నలభై ఏళ్లు గడిపిన మనిషిని నేను. పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: "కరెంటు పనోనికి రబ్బరు చెప్పులే తాయెత్తురా. మెడలో లేకున్నా పర్వాల్యా, కాళ్లకు ఉండాల." ఆ మాట ఒంటికి పట్టేసింది. మట్టి నేల మీద వట్టి కాలు పెట్టాలంటే నాకు ఇప్పటికీ పాదం ముడుచుకుంటుంది.

మా ఆవిడ నాకు సరిగ్గా ఎదురు. ఇల్లు, గుడి సంగతి అటుంచండి, ఆమె బట్టల కొట్టు ముందు కూడా చెప్పులు విడుస్తుంది. ఏటీఎం గది ముందు విడుస్తుంది. ఒకసారి ఎండాకాలంలో బ్యాంకు బయట విడిచిన చెప్పులు ఎవరో వేసుకుపోతే, తారు రోడ్డు మీద నీడ నుంచి నీడకు గెంతుకుంటూ ఇంటికి వచ్చింది. నేను వారం రోజులు నవ్వాను. ఆమె మాత్రం మారలేదు. లోపలికి పోయే చోటల్లా ఆమెకు గౌరవమైన చోటే.

అంటే మా ఇద్దరికీ తేడా ఒక్క అడుగు. నేను గడప లోపల విడుస్తాను, ఆమె గడప బయట విడుస్తుంది. ఇదొక పెద్ద సంగతా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను.

చూపు మందగించి సన్న తీగ చుట్టడం చేతకాని రోజు వచ్చాక అనంతపురంలోని నా షాపు మూసేశాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని, ఒక బడివాళ్లు అమ్మేసిన పాత మినీ బస్సు కొన్నాను. బుక్కరాయసముద్రంలో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో దాన్ని పెట్టుకుని, సీట్లన్నీ పీకేసి, ఒక మంచం, ఒక స్టవ్వు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు, వెనకవైపు తడిక కట్టినట్టు చిన్న స్నానాల గది, అందులో నా కోసం ఒక చిన్న గీజరు బిగించాను. వేన్నీళ్లు లేకపోతే నాకు తెల్లవారదు. వైరింగంతా నా చేత్తో చేశాను. ఇంకొకడిని ముట్టనివ్వలేదు. చూడటానికి వచ్చిన ప్రతివాడికీ ప్రతి స్విచ్చూ వేసి చూపించాను.

ఎక్కడికి పోవాలనేది మాత్రం ఆమె కోరిక. ఆమె పుట్టింది తాడిపత్రి పక్కన, పెన్న ఒడ్డున. చిన్నప్పుడు ఏట్లో చెలమలు తోడి నీళ్లు మోసిన మనిషి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ ఏట్లో ఇసుకే ఉండేది. "ఏరు కిందికి పోయే కొద్దీ నీళ్లుంటాయంట కదప్పా. మా ఏరు నిండుగా యాడ పారతాందో చూడాల," అని పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగింది. నేను సరే అన్నాను. ఆ సరేకి ముప్పై ఏళ్లు దాటాయి. రైతులకు మోటార్లు కాలినప్పుడల్లా నాకు తీరిక లేకపోయింది, మా జిల్లాలో మోటార్లు కాలని రోజు లేదు. ఇప్పుడు బస్సు ఉంది. పెన్న వెంబడే కిందికి పోదాం, నెల్లూరు దాకా పోదాం అనుకున్నాం.

దూరం పోయే ముందు దగ్గర్లో మూడు రోజులు ఉండి చూద్దామని, గార్లదిన్నె పక్కన ఆమె తమ్ముడి చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, బస్సు తోలుకుపోయాను. బోరు పక్కన చిన్న గది ఉంది, అందులో కరెంటు. అక్కడి నుంచి బస్సుకు వైరు లాగాను. మా షాపు మూసినప్పుడు మిగిలిన వైరు చుట్ట ఒకటి ఉంది. అది రెండు తీగల వైరు. మూడో తీగ, అంటే ఎర్తు తీగ, అందులో లేదు. లేకపోయినా లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, నీళ్లు కాగుతాయి. అన్నీ పనిచేస్తూ ఉంటే ఏదో లేదనే సంగతి ఎవడికి గుర్తుంటుంది? నేను మాత్రం జాగ్రత్తపరుడిని కదా, ఒక ఇనుప కడ్డీ నేలలో దిగ్గొట్టి, దాన్నుంచి బస్సు ఇనుముకు ఒక తీగ కట్టాను. ఇదే ఎర్తు అని చేతులు దులుపుకున్నాను.

ఎర్తు గురించి రైతులకు నేను చెప్పని పాఠం లేదు. కరెంటు తప్పించుకుని ఇనుములోకి వస్తే, దానికి భూమిలోకి పోయే దారి చూపించాలి. దారి లేకపోతే అది మనిషి ఒంట్లోంచి పోతుంది. మన నేల ఎండునేల. ఎండిన మట్టిలో కరెంటు పోదు. అందుకే గుంతలో బొగ్గూ ఉప్పూ వేయాలి, రోజూ ఒక బిందె నీళ్లు పోయాలి. "మీరు తాగకున్నా పర్వాల్యా, ఎర్తు గుంతకు పోయండప్పా," అని కసిరేవాడిని. ఇన్ని చెప్పినవాడిని ఆ రోజు ఆ కడ్డీ దగ్గర ఒక చెంబెడు నీళ్లు పోయలేదు. నా పని నేనే చేసుకున్నాను కాబట్టి సరిగ్గానే ఉంటుందనుకున్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం ఆమె చెప్పులు నేల మీద విడిచి, ఎక్కేటప్పుడు పట్టుకోవడానికని తలుపు పక్కన నేను బిగించిన ఇనుప కడ్డీని పట్టుకుని మెట్టెక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"జుమ్మంటాంది," అంది.

నేను దిగాను. చెప్పులు వేసుకునే దిగాను. కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. "ఏం లేదే. నాకేం తెలీల్యా."

ఆమె మళ్లీ పట్టుకుని చూసింది. "తెలుస్తాంది. చీమలు పాకినట్ల."

"షుగరు. డాక్టరు చెప్పినాడు కదా, కాళ్లూ చేతులూ తిమ్మిర్లు వస్తాయని."

ఆమె చీర కొంగు చేతికి చుట్టుకుని ఎక్కింది. అప్పటికే నేను గీజరు వేసి ఉంచాననేది అప్పుడు నాకు పట్టలేదు.

రెండో రోజు ఆమె మరదలు, అంటే తమ్ముడి భార్య, బస్సు లోపల చూస్తానని వచ్చింది. ఆమె కూడా చెప్పులు కింద విడిచింది. కడ్డీ పట్టుకుని "అయ్యో వదినా" అని కెవ్వున అరిచి, తర్వాత నవ్వేసింది. వెనకాలే వచ్చిన తమ్ముడు బూట్లతో నిలబడి పట్టుకుని, "నాకేం కాల్యా," అన్నాడు. నాకు మంచి సాక్ష్యం దొరికింది. మగవాళ్లిద్దరికీ తెలియనిది ఆడవాళ్లిద్దరికే తెలుస్తుందా అని ఎగతాళి చేశాను. దాంతో ఆమెకు మండింది.

"నాకంటే షుగరుండాది. నా మరదలికేమొచ్చింది? చెప్పప్పా, దానికీ షుగరేనా?"

"చూస్తాన్లే," అని టెస్టరు తీశాను. టెస్టరంటే తెలుసు కదా, కరెంటు ఉన్నచోట పెడితే పిడిలో చిన్న దీపం ఎర్రగా వెలిగే స్క్రూడ్రైవరు. మా ఊరి ఎండలో ఆ దీపం వెలిగిందో లేదో దేవుడికి కూడా కనబడదు. అందుకని బస్సులోకి ఎక్కి, నీడలో నిలబడి, లోపలి నుంచి చెయ్యి చాపి కడ్డీకి పెట్టాను. వెలగలేదు. తలుపు రేకుకు పెట్టాను. వెలగలేదు. "చూడు, కళ్లు తెరిచి చూడు," అన్నాను.

ఆ టెస్టరు వెలగదు. బస్సు మొత్తానికీ కరెంటు పాకి ఉంటే, బస్సులో ఉన్నవాడు దానితోపాటే ఉంటాడు. వాడికీ ఇనుముకూ మధ్య తేడా ఉండదు కాబట్టి టెస్టరుకు ఏమీ తెలియదు. కిందికి దిగి, టవలు నీడ పట్టి చూసి ఉంటే తెలిసేది. ఇది నాకు తెలియని సంగతి కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని అనుకున్నాక నాలుగో కాలు ఎవడు లెక్కపెడతాడు?

"బావా, అక్క అంత చెప్తాంది కదా, ఇంగొకసారి చూడు," అన్నాడు తమ్ముడు.

"నలభై ఏండ్లు కరెంటుతో బతికినోన్ని నేను. నాకు నేర్పుతావా?" అన్నాను. అతను నవ్వి బోరు వైపు వెళ్లిపోయాడు. ఆమె ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

మూడో రోజు శుక్రవారం. మరుసటి రోజే ప్రయాణం. ఆమె పొద్దున్నే లేచి, తలుపు ముందు ఊడ్చి, బోరు దగ్గర నుంచి బకెట్టు తెచ్చి కళ్లాపి చల్లింది. అంతకుముందు రోజుల్లో చల్లలేదు. నేను మంచం మీద నుంచి, "చక్రాల బండికి కూడా ముగ్గా?" అని అడిగాను. మాట కలుపుదామని అడిగాను గానీ గొంతులో వెటకారమే పలికింది.

"ఇల్లని నువ్వే అంటివి కదా. ఇల్లయితే ముగ్గుండాల," అంది తల ఎత్తకుండా.

నేను లేచి గీజరు స్విచ్చి వేశాను. కాఫీ గ్లాసు పట్టుకుని మంచం అంచున కూర్చున్నాను. ఆమె ముగ్గు పూర్తి చేసి, చేతులు కడుక్కుని, తడి నేల మీద తడి కాళ్లతో నిలబడి, పొద్దున దిగేటప్పుడు జుమ్మనలేదని కాబోలు, కొంగు చుట్టుకోకుండానే కడ్డీ పట్టుకుంది. ఒక కాలు మెట్టు మీదికి ఎత్తబోయి ఆగింది. ఎక్కలేదు. దిగలేదు. నా వైపే చూస్తూ నిలబడింది.

నిన్నటి కోపం ఇంకా తీరలేదనుకున్నాను. నాటకం అనుకున్నాను.

"ఏం, మల్ల మొదులుపెట్టినావా? ఎక్కితే ఎక్కు, ల్యాకుంటే ఆడనే ఉండు. పొద్దున్నే ఈ నాటకాలు నాకు పడవు," అన్నాను. ఆ తర్వాత కాఫీ ఒక గుక్క తాగాను. అది కూడా చెప్పాలి. ఒక గుక్క తాగాను.

గ్లాసు దించి చూస్తే ఆమె చేతి వేళ్లు కనబడ్డాయి. కడ్డీని పట్టుకున్న మనిషి వేళ్లు అలా ఉండవు. కణుపులు తెల్లగా తేలి, ముంజేయి నరాలు లేచి, మోచెయ్యి సన్నగా వణుకుతోంది. నోరు కొంచెం తెరిచి ఉంది, శబ్దం లేదు. అటువంటి చేతిని నేను ఇదివరకు ఒకసారి, ఒక రైతు పొలంలో, ఆలస్యంగా చూశాను. గ్లాసు ఎక్కడ పడేశానో తెలియదు. మెయిను స్విచ్చి తలుపు పక్కనే ఉంది. దాన్ని కొట్టాను. ఆమె ముగ్గు మీద వెనక్కి పడింది.

తమ్ముడి జీపులో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆమె తల నా ఒళ్లో ఉంది, ఊపిరి ఆడుతోంది. దారి పొడుగునా నేను ఆమె ఛాతీనే చూస్తూ కూర్చున్నాను, పైకి లేచిందా, కిందికి దిగిందా అని. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను. తమ్ముడు అద్దంలో చూసి కూడా చూడనట్టు బండి తోలాడు.

గుండెకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పాడు. అరచేతిలో కడ్డీ మందాన ఒక గీత కాలింది. రెండు రోజులు ఉంచుకుని పంపిస్తామన్నారు. ఆ సాయంత్రం ఆమె కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూసింది. నమ్మినావా ఇప్పుడు అని అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆమె అది అడగలేదు.

"అన్నీ వినపడినాయి," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నేను కడ్డీ పట్టుకొని ఉంటే, నువ్వు అన్నెవన్నీ. నాటకాలు పడవంటివి. కాఫీ తాగితివి. అన్నీ కనపడతాండాయి, వినపడతాండాయి. నోరే రాల్యా."

నలభై ఏళ్లలో నాకు ఎన్నో షాకులు తగిలాయి. అవన్నీ ఒక ఎత్తు. నేను ఆమె కాలిన చెయ్యి పట్టుకోబోయి, కట్టు చూసి, రెండో చెయ్యి పట్టుకున్నాను. తప్పయింది అన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆ మాట నేను ఆమెకు చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, నా చెయ్యి నొక్కనూ లేదు.

మరుసటి రోజు తోటకు పోయి బస్సును విప్పాను. గీజరులో నీళ్లు కాగబెట్టే కాయిలు తీస్తే, మా బోరు నీళ్ల సున్నం మందంగా పట్టి, లోపల పగిలి ఉంది. నేను పాత గీజరునే పైపైన తుడిచి బిగించాను మరి. దాంట్లోంచి కరెంటు రేకులోకి, రేకులోంచి బస్సంతటికీ పాకింది. నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడిన బస్సుకు నేలతో సంబంధం లేదు. రెండు తీగల వైరులో వెనక్కి పోయే ఎర్తు దారి లేదు. నేను దిగ్గొట్టిన ఇనుప కడ్డీ ఎండు మొరంలో ఉంది. అది ఎర్తు కాదు, నేలలో గుచ్చిన పుల్ల. అందుకే ఫ్యూజు కూడా పోలేదు. అన్నీ చూశాక నేను తలుపు ముందు కూర్చుండిపోయాను. ముగ్గు సగం చెరిగిపోయి ఉంది. ముందు రోజు ఎండునేలంతటిలో తడి ఉన్న చోటు అదొక్కటే. శుక్రవారమని ఆమె నీళ్లు చల్లి, తన పాదాల కింద తనే మంచి ఎర్తు తయారు చేసుకుంది. నలభై ఏళ్లు రైతులను నేను బతిమాలి పోయించిన నీళ్లు అవే.

నేను మాత్రం మూడు రోజులూ చెప్పులతో దిగాను, మెట్టెక్కాక లోపల విడిచాను. నేలా ఇనుమూ ఒకేసారి నా ఒంటిని తాకలేదు. తాయెత్తు నన్ను కాపాడింది. నన్నొక్కడినే కాపాడింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పట్టుకున్నాను. మూడు తీగల లావు వైరు కొన్నాను. కొత్త గీజరు బిగించాను. మనిషి ఒంట్లోంచి కరెంటు పక్కదారి పడితే రెప్పపాటులో తనంతట తానే పడిపోయే స్విచ్చి ఒకటి వస్తుంది, ట్రిప్పరు అంటాం. అది మొదటే పెట్టాల్సింది, ఇప్పుడు పెట్టాను. దాని మీదే పరీక్ష బటను ఉంటుంది, నొక్కితే స్విచ్చి పడాలి. ఇరవై సార్లు నొక్కి చూశాను. తలుపు దగ్గరి ఇనుప కడ్డీకి మందపాటి రబ్బరు తొడిగాను. ఆమె చెయ్యి మానేదాకా రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో బస్సు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దాన్ని అమ్మేద్దామని కూడా అనుకున్నాను. ఒక రోజు బట్టలు ఆరేస్తూ ఆమే అడిగింది: "ఏరు చూపిస్తానంటివి. చూపించవా?"

పోయాం. పెన్న పక్కపక్కనే పోతూ, మధ్యలో దారి తప్పుతూ, నాలుగో రోజుకు నెల్లూరు జిల్లాలో ఒక చిన్న ఊరికి చేరాం. అక్కడ ఏరు నిండుగా ఉంది. ఆమె చాలాసేపు ఒడ్డున నిలబడింది. "ఇంత నీళ్లు మనకాడ నుంచే వస్తాండాయా?" అని అడిగింది. కొన్ని మన దగ్గరివి, కొన్ని వేరే వాగులవి అన్నాను. "మనవే ఎక్కువుంటాయిలే," అని తనే తీర్మానించుకుంది.

ఒడ్డు దగ్గరి ఇంటివాళ్లు వాళ్ల వరండాలోంచి కరెంటు తీసుకోమన్నారు. ముందు వాళ్ల ప్లగ్గులో ఎర్తు ఉందో లేదో చూశాను. వైరు కలిపాను. ట్రిప్పరు బటను నొక్కితే పడింది, మళ్లీ ఎత్తాను. గీజరు వేశాను. కింద నిలబడి, తల మీద టవలు కప్పుకుని, ఆ నీడలో టెస్టరు పెట్టి బస్సు చుట్టూ చూశాను. ఎక్కడా వెలగలేదు. "రా, ఎక్కు," అన్నాను.

ఆమె చెప్పులు విడిచింది. ఎప్పటిలాగే నేల మీదే విడిచింది. ఆ నేలకు కళ్లాపి చల్లే పని లేదు, ఏటి చెమ్మ ఎప్పుడూ ఉండే నేల. ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయింది. కడ్డీ వైపు చూసింది. కాలిన గీత ఉన్న అరచేతిని చీరకు తుడుచుకుంది.

నేను నలభై ఏళ్ల తాయెత్తును విడిచాను. చల్లటి మట్టి పాదాలకు తగిలి ఒళ్లంతా ముడుచుకుంది. ఇలా ఒంటితో పరీక్ష చేయడం మా పనిలో పద్ధతి కాదు, ఎవరూ చేయకూడదు; ఏ రైతైనా చేస్తే చెంప పగలగొట్టేవాడిని. కడ్డీకి రబ్బరు తొడిగి ఉంది కాబట్టి దాన్ని వదిలి, పక్కన ఉన్న వట్టి తలుపు రేకు మీద అరచెయ్యి ఆనించాను. అన్నీ సరిగ్గా ఉన్నాయని నాకు తెలుసు. అయినా గుండె దడదడలాడింది. రెండు రోజులు ఆ తోటలో ఆమె ఈ దడతోనే ఆ బస్సెక్కిందని, నేను నవ్వుతూ ఉంటే కొంగు చుట్టుకుని ఎక్కిందని, అప్పుడు తెలిసింది.

"నాకేం తెలీల్యా," అన్నాను.

తోటలో మొదటి రోజు నేను అన్నదీ ఇదే మాట. అది ఆమెకు గుర్తుందని ఆమె మొహం చూస్తే తెలిసింది. ఆమె నా మొహం వైపు చూడలేదు, చేతి వైపూ చూడలేదు. తల వంచి నా కాళ్ల వైపు చూసింది. రెండు పాదాలూ మట్టిలో ఉన్నాయా అని ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంది. చూసుకున్నాక కడ్డీ పట్టుకుని మెట్టెక్కింది.